నిన్ను పంపిందెవరు?
హీబ్రూ లేఖనాల్లో దైవ పిలుపు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

దేవుడు ఒక మనిషిని పిలిచి, పని అప్పగించి, ఫలానా చోటికి వెళ్లమనే కథల గురించి ఈమధ్య చాలా ఉత్తరాలొచ్చాయి. యూదులు తనఖ్ అని పిలుచుకునే, క్రైస్తవులు పాత నిబంధనగా చదివే గ్రంథాల వరకే జవాబులను పరిమితం చేశాం. పేర్లు తెలుగు బైబిల్లో ఉన్నట్టే రాశాం. అధ్యాయాలు, వచనాలు ఇచ్చిన చోట పుస్తకం తెరిచి చూసుకుంటూ చదవమని మనవి.

ప్రశ్న: మోషే, గిద్యోను, యిర్మీయా ముగ్గురి పిలుపులూ ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తున్నాయి. నిజంగానే అలా ఉన్నాయా, నాకే అలా అనిపిస్తోందా? (ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నిజంగానే ఉన్నాయి. 1965లో నార్మన్ హాబెల్ అనే పండితుడు ఈ కథల్ని పక్కపక్కన పెట్టి ఆరు భాగాలు గుర్తించాడు. దేవుడో దూతో ఎదురుపడటం, పలకరింపు, పని అప్పగింత, పిలుపు అందుకున్నవాడి అభ్యంతరం, దానికి దేవుడిచ్చే భరోసా, చివరికి ఒక గుర్తు.

గిద్యోను కథతో మొదలుపెట్టండి. న్యాయాధిపతులు 6:11 నుంచి 17 వరకు ఏడు వచనాల్లో ఆరు భాగాలూ వరసగా దొరుకుతాయి. మిద్యానీయులకు దొరక్కుండా గానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతున్నవాడి ముందు దూత ప్రత్యక్షమవుతాడు (11–12). యెహోవా నీకు తోడున్నాడని పలకరిస్తే, తోడుంటే మాకీ గతి ఎందుకు పట్టిందని గిద్యోను ఎదురడుగుతాడు (12–13). వెళ్లి ఇశ్రాయేలును రక్షించు, నిన్ను పంపేది నేనే అని ఆజ్ఞ వస్తుంది (14). మనష్షే గోత్రంలో మా వంశం బలహీనమైంది, మా ఇంట్లో నేను చిన్నవాణ్ణి అని అభ్యంతరం (15). నేను నీకు తోడుంటాను అని భరోసా (16). అలాగైతే ఒక గుర్తు చూపించు అని అడగటం (17). పెన్సిలుతో అంచున 1 నుంచి 6 వరకు అంకెలు వేసుకుని, అవే అంకెల్ని నిర్గమకాండము 3:1–12కీ, యిర్మీయా 1:4–10కీ వేసి చూడండి.

ఇక్కడ చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. అచ్చు దొరికింది కదా అని అక్కడే ఆగిపోవటం మొదటిది. అచ్చు ఎక్కడ తప్పిందో అక్కడే ఆ కథ తన సొంత మాట చెబుతుంది. మోషే కథలో ఒక్క అభ్యంతరంతో ముగియాల్సింది ఐదుదాకా సాగుతుంది: నేనెంతటివాణ్ణి (3:11), నీ పేరేమిటని అడిగితే ఏం చెప్పను (3:13), వాళ్లు నన్ను నమ్మకపోతే (4:1), నాకు నోటి మాంద్యముంది (4:10), దయచేసి ఇంకెవరినైనా పంపు (4:13). మొదటి నాలుగింటికీ ఓపికగా జవాబొస్తుంది, ఎందుకంటే ఆ నాలుగింటిలోనూ ఒక అసలు ఇబ్బంది ఉంది. ఐదో దానిలో కారణమే లేదు. దేవుడికి కోపం వచ్చింది అక్కడ (4:14). ఆ కోపంలోనూ పని మోషే భుజం మీదనుంచి దించలేదు, అతని అన్న అహరోనును జత చేశాడు.

రెండో పొరపాటు, అభ్యంతరాన్ని వినయంగా చదవటం. గిద్యోను వంశం బలహీనమైనదే, యిర్మీయా కుర్రవాడే. దేవుడు ఆ మాటల్ని కాదనడు, నువ్వు గొప్పవాడివని బుజ్జగించడు. మోషేకు (3:12), గిద్యోనుకు (6:16), యిర్మీయాకు (1:8) ఇచ్చిన జవాబు ఒక్కటే: నేను నీకు తోడుంటాను. యోగ్యత లెక్క పక్కకుపోయింది.

ఈ అచ్చు ఎక్కడినుంచి వచ్చిందంటే, హాబెల్ ఆదికాండము 24 చూపించాడు. అబ్రాహాము సేవకుడు రిబ్కా ఇంట్లో భోజనానికి కూర్చోకముందే, నేను ఫలానావాడి మనిషిని, ఈ పనిమీద పంపాడు, అమ్మాయి రానంటే అని నేనడిగాను, ఆయన ఇలా అన్నాడు, నాకీ గుర్తు దొరికింది అని మొత్తం విప్పి చెబుతాడు (24:34–48). దూతగా వచ్చినవాడు అవతలివాళ్ల ముందు తన అధికారాన్ని నిరూపించుకునే పద్ధతి అది. ప్రవక్తల పిలుపు కథలు కూడా అందుకే పుట్టాయన్నది మాకు సబబుగా తోస్తుంది. నిన్ను పంపిందెవరు అని నిలదీసే జనం ముందు చెప్పిన వాఙ్మూలాలవి, ప్రవక్త తన ఘనత చాటుకునే జీవితచరిత్రలు కావు.

ప్రశ్న: మోషే అన్ని సాకులు చెబితే యెషయా వెంటనే ‘నేనున్నాను నన్ను పంపుము’ అన్నాడు. యెషయా విశ్వాసం ఎక్కువదనుకోవచ్చా? (వరంగల్లు నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: అనుకోనక్కర్లేదు. యెషయా 6 వేరే తరహా కథ. ఇందులో దేవుడు మనిషిని వెతుక్కుంటూ పొలానికో పొద దగ్గరికో రాడు. మనిషే దేవుడి కొలువులోకి చూపు సారిస్తాడు. రాజు ఉజ్జియా చనిపోయిన ఏడు, అంటే క్రీ.పూ. 740 ప్రాంతం. సింహాసనం, చుట్టూ ఆరేసి రెక్కలున్న సెరాపులనే పరలోక జీవులు, ఎవరిని పంపుదును అని సభలో ఒక ప్రశ్న. 1 రాజులు 22:19–23 పక్కన పెట్టి చూడండి. అక్కడ మీకాయా అనే ప్రవక్త కూడా అలాంటి కొలువునే చూస్తాడు. రాజు అహాబును రామోత్గిలాదు మీదికి యుద్ధానికి వెళ్లేలా ఎవరు ప్రేరేపిస్తారని సింహాసనం నుంచి ప్రశ్న వస్తుంది, ఒక ఆత్మ ముందుకొచ్చి నేను అంటుంది. కొలువు దృశ్యంలో స్వచ్ఛందంగా ముందుకు రావటం ఆ తరహా కథకు సహజం. అభ్యంతరం లేకనూ పోలేదు, చోటు మారిందంతే. అయ్యో, నేను అపవిత్రమైన పెదవులు గలవాణ్ణి అన్న మాట (6:5) ముందే వచ్చేసింది. దానికి జవాబుగా బలిపీఠం మీది నిప్పు పెదవులకు తగిలింది.

అసలు కష్టం 8వ వచనం తర్వాత ఉంది. సభల్లో, గోడమీది క్యాలెండర్లలో ‘నన్ను పంపుము’ దగ్గరే ఆపేస్తారు. అది చాలా బాధాకరం. తర్వాతి రెండు వచనాలు చదవండి. అప్పగించిన పనేమిటంటే, వినీ గ్రహించకుండా, చూసీ తెలుసుకోకుండా ఈ జనం గుండెను మొద్దుబరచమని. యెషయా చేతులెత్తి ఒప్పుకోలేదు. ఎన్నాళ్లని అడిగాడు (6:11). పట్టణాలు నిర్జనమయ్యేదాకా అన్నది జవాబు. నరికాక మిగిలే మొద్దు ఒక్కటే చివర్లో ఆశ (6:13).

దేవుడు ఇలా ఎందుకంటాడన్న ప్రశ్నకు జవాబు 7, 8 అధ్యాయాల్లో దొరుకుతుంది. క్రీ.పూ. 734 ప్రాంతంలో సిరియా, ఉత్తర ఇశ్రాయేలు కలిసి యూదా మీదికొస్తే, రాజు ఆహాజు దగ్గరికి యెషయా వెళ్లి, భయపడకు, నీకిష్టమైన గుర్తు అడుగు అంటాడు. ఆహాజు భక్తిగా మాట్లాడుతూనే అడగనంటాడు (7:12). మంచి మాట చెవిన పడటమే గుండె గట్టిపడటానికి కారణమైన సందర్భమిది. ఆ పైన 8:16లో యెషయా తన మాటను ముద్రవేసి శిష్యుల దగ్గర దాచమంటాడు. ఆ తరం వినలేదు. పంపిన పని తర్వాతి తరం చదివేవాళ్ల కోసం నిలిచింది.

యెహెజ్కేలు దగ్గర ఈ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. క్రీ.పూ. 593లో, బబులోను దేశంలో, కెబారు నది దగ్గర చెరలో ఉన్నవాడు. వాళ్లు విన్నా వినకపోయినా తమ మధ్య ఒక ప్రవక్త ఉన్నాడని తెలుసుకుంటారు (2:5). పరభాష మాట్లాడేవాళ్ల దగ్గరికి పంపితే వాళ్లైనా వినేవాళ్లు, వీళ్లు వినరు (3:6–7). తర్వాత కావలివాడి నియమం వస్తుంది (3:16–21): హెచ్చరించకపోతే చచ్చినవాడి రక్తానికి నువ్వు పూచీ, హెచ్చరించాక వాడు వినకపోతే నీకు పూచీ లేదు. ఎంతమంది మారారన్నది ఆ పూచీలోకి రానేరాదు. పిలుపు అందుకున్న యెహెజ్కేలు ఉప్పొంగిపోలేదు కూడా. మనసంతా చేదుతో తేలాబీబుకు వెళ్లి, ఏడు రోజులు దిగ్భ్రమతో కూర్చుండిపోయాడు (3:14–15).

ప్రశ్న: గిద్యోను గొర్రెబొచ్చు పరిచినట్టు మేమూ దేవుణ్ణి గుర్తు అడగవచ్చా? (నంద్యాల)

జవాబు: కథలో ఆ ఘట్టం ఎక్కడుందో చూడండి. పని అప్పగించింది 6:14లో. దూత తాకితే రాతిలోంచి నిప్పు లేచి మాంసాన్ని కాల్చేసిన గుర్తు 6:21లో. గొర్రెబొచ్చు 6:36–40లో. అంటే పని ఏమిటో, పంపిందెవరో అప్పటికే తెలుసు. ‘నువ్వు చెప్పినట్టే’ రక్షించబోతే అని గిద్యోనే అంటాడు. మొదటి రాత్రి బొచ్చు తడిసి నేల పొడిగా, రెండో రాత్రి నేల తడిసి బొచ్చు పొడిగా. కోపపడవద్దని అతను బతిమాలుకోవటం కూడా ఉంది. కాబట్టి తెలియని దారి తెలుసుకునే పద్ధతి కాదది. తెలిసిన దారిలో అడుగేయటానికి భయపడ్డవాడి మీద దేవుడు చూపిన ఓర్పు. తర్వాతి అధ్యాయంలో 32,000 మంది సైన్యాన్ని 10,000కు, చివరికి 300కు కుదించి, ఆ గుర్తుల మీద కాక మాట మీదే నిలబడాల్సిన స్థితికి తెచ్చాడు.

ప్రశ్న: దేవుడు తనను పంపాడని చెప్పే ఒకాయన, నేను ఉద్యోగం మాని సేవకు రావాలని దేవుడు తనతో చెప్పాడంటున్నారు. కాదంటే దేవుణ్ణి కాదన్నట్టేనా? లేఖనం ప్రకారం ఎలా తేల్చుకోవాలి? (హైదరాబాదు నుంచి ఒక యువకుడు)

జవాబు: కాదు, దేవుణ్ణి కాదన్నట్టు కాదు. దేవుడు నన్ను పంపాడనే ప్రతి మాటనూ పరీక్షించమని చెప్పింది ఈ గ్రంథాలే. ఒక్క పరీక్ష సరిపోదు కనుక చాలా పరీక్షలు ఇచ్చాయి.

మొదటిది ద్వితీయోపదేశకాండము 18:20–22. యెహోవా పేరున చెప్పిన మాట జరగకపోతే అది ఆయన మాట కాదు. దీని లోపం తెలుస్తూనే ఉంది: జరిగేదాకా తేలదు. రెండోది అదే గ్రంథం 13:1–5. చెప్పిన గుర్తు నెరవేరినా సరే, అది వేరే దేవుళ్ల వైపు తిప్పితే వినవద్దు. అంటే నెరవేరటం కూడా చివరి రుజువు కాదు. మూడోది యిర్మీయా 23:14–22. చెప్పేవాడి నడత ఎలాంటిది, అతని మాట విన్న జనం చెడు మానుతున్నారా, ఇంకా ధైర్యంగా చేస్తున్నారా? నేను పంపలేదు, వాళ్లే పరుగెత్తారు అన్న వాక్యం అక్కడిదే (23:21). నాలుగోది మీకా 3:5, 11. పెట్టినవాడికి సమాధానమనీ, పెట్టనివాడికి యుద్ధమనీ పలికే నోరు. డబ్బు ఎటు పారుతోందో చూడమన్నమాట.

ఈ పరీక్షలు నిజ జీవితంలో ఎంత చిక్కుగా ఉంటాయో యిర్మీయా 28 చూపిస్తుంది. ఈ విషయం మీద ఒక్క అధ్యాయమే చదవగలిగితే అదే చదవండి. యూదా రాజు సిద్కియా ఏలుబడి 4వ ఏడు, 5వ నెల. యిర్మీయా మెడమీద కాడి పెట్టుకుని, బబులోనుకు లోబడండి అని తిరుగుతున్నాడు. హనన్యా అనే ప్రవక్త ఆలయంలో అందరి ముందూ, రెండేళ్లలో దేవుడు బబులోను కాడి విరిచేస్తాడు, ఎత్తుకుపోయిన పాత్రలన్నీ తిరిగొస్తాయి అన్నాడు. ఇద్దరూ ‘యెహోవా సెలవిచ్చునదేమనగా’ అనే మాటతోనే మొదలుపెట్టారు. వినేవాడికి పైకి తేడా ఏమీ లేదు. యిర్మీయా ఏమన్నాడు? ఆమేన్, అలాగే జరగాలి అన్నాడు. ఆ తర్వాత ఒక్క మాట చేర్చాడు: పూర్వపు ప్రవక్తలు యుద్ధం, కీడు, తెగులు గురించి చెప్పారు. సమాధానం చెప్పే ప్రవక్తను మాత్రం అది జరిగాకే గుర్తించాలి (28:8–9). వినేవాళ్లకు నచ్చే మాట చెప్పేవాడి మీదే రుజువు భారం ఎక్కువ. హనన్యా కాడిని లాగి విరిచేశాడు. యిర్మీయా వాదించలేదు, తన దారిన వెళ్లిపోయాడు (28:11). దేవుని మాట తిరిగి వచ్చాకే, విరిగిన చెక్క కాడి చోట ఇనుప కాడి వస్తుందని చెప్పటానికి మళ్లీ వచ్చాడు. హనన్యా అదే ఏడు 7వ నెలలో చనిపోయాడు. యెరూషలేము క్రీ.పూ. 586లో కూలింది. నిజంగా పిలుపు ఉన్నవాడు కూడా జవాబు లేనప్పుడు నోరు మూసుకుని వెళ్లగలిగాడు. మీ మీద ఒత్తిడి తెస్తున్న ఆయనలో ఆ ఓపిక ఉందో లేదో గమనించండి.

మీ ప్రశ్నకు సూటిగా సరిపోయేది మాత్రం 1 రాజులు 13. యూదానుంచి ఒక దైవజనుడు బేతేలుకు వచ్చాడు. అక్కడ తినవద్దు, తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లవద్దు అని అతనికి నేరుగా ఆజ్ఞ ఉంది. రాజు భోజనానికి పిలిస్తే వెళ్లలేదు. కానీ బేతేలులో ఉన్న ఒక ముసలి ప్రవక్త వెంటబడి, నేనూ నీలాంటి ప్రవక్తనే, నిన్ను ఇంటికి తెమ్మని దూత నాతో చెప్పాడు అన్నాడు. అతను అబద్ధమాడాడని వచనమే చెబుతుంది (13:18). దైవజనుడు నమ్మి వెళ్లి తిన్నాడు, దారిలో సింహం చంపేసింది. ముసలివాడికి శిక్ష చెప్పకుండా మోసపోయినవాడే చావటం అన్యాయంగా అనిపిస్తుంది, నిజమే. కథ అంత కఠినంగా ఉండటానికి కారణముంది: నీకు తెలిసిన మాటను పక్కనపెట్టటానికి ఇంకొకరి దర్శనం చాలదు, అది ఎంత పెద్దమనిషిదైనా.

ఇక మీరు చేయగలిగింది. ఆయన చెప్పిన మాటను తేదీతో సహా కాగితం మీద రాయించి తీసుకోండి. అందులో ఎవరికి లాభమో చూడండి. ఆయన్ను ఏళ్లుగా ఎరిగినవాళ్లను అడగండి. గడువు పెట్టి తొందరపెడితే ఆగండి. ఉద్యోగానికి రాజీనామా రాసే ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. సమూయేలంతటివాడికి కూడా పిలిచేదెవరో మూడుసార్లు తెలియలేదు, యాజకుడు ఏలీ గ్రహించి చెప్పాడు (1 సమూయేలు 3). ఆ ఏలీ తన ఇంటికి వ్యతిరేకంగా వచ్చిన మాటను కూడా దాచకుండా చెప్పించుకున్నాడు. సలహాకు అలాంటి పెద్దల దగ్గరికే వెళ్లండి.

ప్రశ్న: దేవుడు పంపాడని చెప్పుకునే ప్రవక్తలు ఇశ్రాయేలులోనే ఉండేవారా? (విశాఖపట్నం)

జవాబు: లేదు. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున మారి అనే పాత నగరం ఉంది. 1933 నుంచి జరిగిన తవ్వకాల్లో వేల మట్టి పలకలు దొరికాయి. వాటిలో క్రీ.పూ. 18వ శతాబ్దినాటి రాజు జిమ్రీ లీముకు అధికారులు రాసిన లేఖలున్నాయి. దాదాపు 50 లేఖల్లో ప్రవచనాల ప్రస్తావన ఉంది. ఫలానా గుడిలో ఫలానా మనిషి లేచి, దాగాను దేవుడు నన్ను పంపాడు అని ఇలా పలికాడు అని రాసేవారు. లేఖతోపాటు ఆ మనిషి తలవెంట్రుకల పాయ, వస్త్రపు అంచు ముక్క కూడా పంపేవారు. రాజు కొలువులో గొర్రె పేగులు, కాలేయం చూసి శకునం చెప్పేవాళ్లు ఆ మాట నిజమో కాదో తేల్చేవారు. రాజును న్యాయం చేయమని మందలించే ప్రవచనాలు అక్కడా ఉన్నాయి, కాబట్టి ఆ ధైర్యం ఇశ్రాయేలుకే సొంతమనటం సరికాదు. తేడా పరీక్షలో ఉంది. హీబ్రూ గ్రంథాలు ఆ పనిని శకునగాళ్ల చేతిలో పెట్టలేదు, వినే జనం చేతిలోనే పెట్టాయి.

బేయోరు కుమారుడైన బిలాము కథ (సంఖ్యాకాండము 22–24) చదివినవాళ్లకు ఇంకో సంగతి. 1967లో జోర్డానులోని దేర్ అల్లా దగ్గర గోడ గచ్చుమీద సిరాతో రాసిన పాఠం ముక్కలుగా దొరికింది. క్రీ.పూ. 800 ప్రాంతంది. బేయోరు కొడుకు బిలాము దేవతల దర్శనం చూసినవాడని అందులో ఉంది.

ప్రశ్న: యోనా చెప్పింది జరగలేదు కదా. అతను అబద్ధ ప్రవక్త కాడా? (గుంటూరు)

జవాబు: ఎంత మంచి ప్రశ్న! ద్వితీయోపదేశకాండము 18 అక్షరాలా పట్టుకుంటే అలాగే తేలుతుంది. 40 రోజుల్లో అష్షూరువాళ్ల పట్టణం నీనెవె కూలుతుందన్నాడు, జనం చెడు మానుకోవటంతో కూలలేదు. యోనా కోపం కూడా అందుకే. యిర్మీయా 18:7–8 దీన్ని విడమరుస్తుంది: ఒక జనాన్ని పెల్లగిస్తానని నేను చెప్పాక, వాళ్లు చెడుతనం మానితే నేనూ చేయబోయిన కీడు మానుకుంటాను. హెచ్చరిక జరగకపోవటమే దాని గెలుపు. మీకా సీయోనును, అంటే యెరూషలేమును, దున్నేస్తారన్నాడు (3:12), రాజు హిజ్కియా భయపడి వేడుకోవటంతో అది అప్పటికి తప్పింది. వందేళ్ల తర్వాత యిర్మీయాను చంపబోతుంటే పెద్దలు ఆ సంగతే గుర్తుచేసి ప్రాణం కాపాడారు (యిర్మీయా 26:17–19).

మొదటి జవాబులో చెప్పిన ఆరు భాగాలను యోనాకు వేసి చూడండి. పని అప్పగింత 1:2లో ఉంది. అభ్యంతరం చెప్పాల్సిన చోట మాట లేదు, యొప్పే రేవుకు పోయి తర్షీషు ఓడ ఎక్కాడు. నీనెవె తూర్పున, ఇప్పటి మోసుల్ దగ్గర. ఓడ పడమటికి పోయేది. అతని అభ్యంతరం 4:2దాకా వినపడదు: నువ్వు కటాక్షం, జాలి, దీర్ఘశాంతం గలవాడివని తెలిసే పారిపోయాను. నిర్గమకాండము 34:6లో స్తోత్రంగా వచ్చిన మాటలనే ఇక్కడ ఫిర్యాదుగా వాడాడు. అష్షూరు సైన్యం క్రీ.పూ. 722లో ఉత్తర రాజ్యాన్ని మట్టుబెట్టిందని తెలిసిన చదువరికి ఆ ఫిర్యాదు వెనక బాధ అర్థమవుతుంది. కేవలం 48 వచనాల పుస్తకం. యూదులు యోమ్ కిప్పుర్ ఉపవాసం రోజు మధ్యాహ్నం ప్రార్థనలో దీన్ని మొత్తం చదువుతారు.

ప్రశ్న: యెహోవాను ఎరగని పారసీక రాజు కోరెషును ‘అభిషిక్తుడు’ అనటమేమిటి? (తిరుపతి)

జవాబు: యెషయా 45:1–5 చదివితే, నేను నిన్ను పేరుపెట్టి పిలిచాను అని ఉంది, నువ్వు నన్ను ఎరగకపోయినా అన్న మాట రెండుసార్లు ఉంది. అంటే ఎరగకపోవటాన్ని కవి దాచలేదు, ముందుకు తెచ్చి చెప్పాడు. పంపబడటానికి విశ్వాసం కూడా షరతు కాదని ఇంతకన్నా గట్టిగా చెప్పిన చోటు ఈ గ్రంథాల్లో మరోటి లేదు. విన్న యూదులకు ఇది నచ్చలేదని 45:9–10 బట్టి ఊహించవచ్చు. మట్టి కుమ్మరిని నిలదీస్తుందా అన్న గద్దింపు ఆ వెంటనే వస్తుంది.

కోరెషు క్రీ.పూ. 539లో బబులోనును పట్టుకున్నాడు. 1879లో హోర్ముజ్ద్ రస్సామ్ తవ్వకాల్లో అక్కడ దొరికిన మట్టి గొట్టం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. బబులోను దేవుడు మర్దూకు నీతిగల రాజు కోసం దేశాలన్నీ వెతికి, కోరెషు చెయ్యి పట్టుకుని పేరుపెట్టి పిలిచాడని దానిలో రాయించారు. చెయ్యి పట్టుకోవటం, పేరుపెట్టి పిలవటం యెషయా 45లోనూ ఉన్నాయి. ఒకే రాజు మీద ఇద్దరు దేవుళ్ల పేరున ఒకే మాట. ఆ గొట్టంలో యెరూషలేము పేరు గానీ యూదుల పేరు గానీ లేదు. యూదులు తిరిగి వెళ్లి ఆలయం కట్టుకోవచ్చని ప్రత్యేకంగా ఇచ్చిన ఆజ్ఞ అందులో ఉందని కొన్ని ప్రసంగాల్లో వినిపిస్తుంది, అది తప్పు. ఆ ఆజ్ఞ ఎజ్రా 1లో ఉంది.

ప్రశ్న: ప్రవక్త్రిలకు ఒక్కరికీ పిలుపు కథ లేదెందుకు? దేవుడు వాళ్లను పంపలేదనా? (బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పంపలేదని కాదు. నాతాను, గాదు లాంటి పేరున్న ప్రవక్తలకూ పిలుపు కథ లేదు. అధికారాన్ని ఎవరో ప్రశ్నించినచోటే ఆ కథ చెప్పాల్సి వస్తుంది. బేతేలు యాజకుడు అమజ్యా వెళ్లిపొమ్మన్నప్పుడే ఆమోసు, నేను ప్రవక్తను కాను, పసులకాపరిని, మేడిపండ్లు ఏరుకునేవాణ్ణి, యెహోవాయే నన్ను మంద వెనకనుంచి తీసుకున్నాడు అని నోరు విప్పాడు (ఆమోసు 7:10–15). దెబోరా మనకు కనపడేసరికే జనం తీర్పుకోసం ఆమె దగ్గరికి వస్తున్నారు (న్యాయాధిపతులు 4:4–5).

హుల్దా సంగతి ఇంకా బలమైంది. క్రీ.పూ. 622లో ఆలయంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు, యోషీయా రాజు ప్రధానయాజకుడు హిల్కీయాతో కలిపి ఐదుగురిని యెహోవా దగ్గర విచారించమని పంపితే, వాళ్లు ఆమె ఇంటికి వెళ్లారు (2 రాజులు 22:14). యిర్మీయాకు పిలుపు వచ్చి అప్పటికి ఐదేళ్లు. ఆమె ఏ పరిచయమూ చెప్పుకోకుండా, మిమ్మల్ని నా దగ్గరికి పంపినవాడితో ఇలా చెప్పండి అంటూ మొదలుపెట్టింది. ఎవరూ నిలదీయలేదు. యూదు పండితుల చర్చల గ్రంథమైన తల్మూదులో మెగిల్లా భాగం ఇశ్రాయేలుకు 48 మంది ప్రవక్తలు, ఏడుగురు ప్రవక్త్రిలు అని లెక్కకట్టింది: శారా, మిర్యాము, దెబోరా, హన్నా, అబీగయీలు, హుల్దా, ఎస్తేరు.

ప్రశ్న: దేవుడు ఏలీయాకు హోరేబు కొండ దగ్గర మూడు పనులు చెప్పాడు. అతను చేశాడా? (నల్గొండ)

జవాబు: ఒక్కటే చేశాడు. సిరియా రాజుగా హజాయేలును, ఇశ్రాయేలు రాజుగా యెహూను, తన చోట ప్రవక్తగా ఎలీషాను అభిషేకించమని ఆజ్ఞ (1 రాజులు 19:15–16). ఏలీయా వెళ్లి ఎలీషా మీద దుప్పటి వేశాడు, అంతే. హజాయేలు సంగతి ఎలీషా చూశాడు (2 రాజులు 8:7–15). యెహూ తలమీద నూనె పోసింది ఎలీషా పంపిన, పేరు కూడా చెప్పని ఒక శిష్యుడు (2 రాజులు 9:1–10). కథకుడు దీన్ని ఏలీయా తప్పుగా ఎక్కడా లెక్కవేయడు.

ప్రశ్న: హీబ్రూ మూలం పక్కన పెట్టి చదువుతుంటే వచనాల అంకెలు తెలుగు బైబిలుతో కలవటం లేదు. (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అచ్చు తప్పు కాదు, విభజన వేరు. తెలుగు బైబిలు ఇంగ్లీషు విభజనను అనుసరిస్తుంది. మనకు యోనా 1:17 అయినది హీబ్రూలో 2:1, కాబట్టి యోనా 2లో ప్రతి వచనానికీ ఒకటి కలుపుకోండి. యోవేలు 2:28–32 హీబ్రూలో 3వ అధ్యాయం, మన 3వ అధ్యాయం అక్కడ 4వది. మలాకీ మనకు నాలుగు అధ్యాయాలు, హీబ్రూలో మూడు. యెషయా 9:1 అక్కడ 8:23. పిలుపు కథల ముఖ్యభాగాల్లో, అంటే నిర్గమకాండము 3–4, న్యాయాధిపతులు 6, యెషయా 6, యిర్మీయా 1, యెహెజ్కేలు 1–3లో తేడా లేదు. పుస్తకాల వరస కూడా వేరు. మన పాత నిబంధన మలాకీతో ముగుస్తుంది. యూదుల అచ్చు ప్రతులు 2 దినవృత్తాంతములతో ముగుస్తాయి, అందువల్ల అక్కడ చివరి రెండు వచనాలు కోరెషు ఆజ్ఞవి (36:22–23). వెతికేటప్పుడు ఆ పుస్తకాన్ని రాజుల గ్రంథాల పక్కన కాక చివర్లో చూడండి.